పెట్టె కొలత చర్చి

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో ఆయన్ని అందరూ చీదర బాబాయ్ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆయనా పలుకుతాడు. పలికేటప్పుడు కూడా మొహం చిట్లించుకునే పలుకుతాడనుకోండి, అది వేరే సంగతి. పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దానికి పనిలేకుండా పోయి చాలా కాలమైంది.

ఉద్యోగం అలాంటిది మరి. పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటే సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల నోళ్లతోనే కాపురం. డాక్టర్లు నోళ్లలోంచి తీసి పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోయాలి, ఆరాక ఊడదియ్యాలి, మైనంతో చిగుళ్లు దిద్దాలి, వాటిలో పళ్లు వరసగా నిలబెట్టాలి. కొన్ని అచ్చుల సందుల్లో ఆ పెద్దమనిషి పొద్దున తిన్నదేదో కూడా అంటుకుని వస్తుంది. "ఛీ, ఛీ! నోరైనా పుక్కిలించకుండా వెళ్లి కూర్చున్నాడు దరిద్రుడు!" అంటూ బాబాయ్ బ్రష్షు పెట్టి కడుగుతాడు. ఎన్నో ఏళ్లుగా కడుగుతూనే ఉన్నాడు. కడిగి కడిగి ఆ చీదర ఆయన ముక్కు మీద స్థిరపడిపోయింది. టీ తాగినా, పక్కింటివాళ్ల కొత్త సోఫా చూసినా, పసిపిల్ల ఫోటో చేతికిచ్చినా అదే ముక్కు, అదే ముడత.

ఇలాంటి మనిషికి ఒక సరదా ఉందంటే ఎవరూ నమ్మరు. ప్రపంచంలో పేరున్న కట్టడాల బుల్లి నమూనాలు చేసుకునే కిట్లు ఉంటాయి చూడండి, చెక్కపలకల్లోంచి ముక్కలు ఊడదీసి గమ్ము పెట్టి అతికించేవి, అవి వెతికి వెతికి కొనుక్కొచ్చి ఇంట్లో కూర్చుని కడతాడు. నిజానికి సరదా అనకూడదేమో. సరదాగా చేసేవాడు ఒక్కో పనికి అన్నేసి తిట్లు తిట్టడు.

ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, బొమ్మల కొట్టువాళ్లకి గుండెల్లో రాయి పడుతుంది. పెట్టె చేతిలోకి తీసుకుని మీదున్న బొమ్మ వంక కన్నెత్తైనా చూడడు. వెనక్కి తిప్పి, అడుగున చీమ తలకాయలంత అక్షరాలు చదువుతాడు.

"అమ్మాయ్, ఇది ఎన్నింటికి ఒకటి?"

"ఎన్నింటికేంటి అంకుల్? బొమ్మ బొమ్మే."

"బొమ్మ బొమ్మేనా? అసలు కట్టడంలో అయిదు వందల అడుగులుంటే ఇందులో ఒక్క అడుగుండాలి. అప్పుడది అయిదు వందలకి ఒకటి. ఇది ఎన్నింటికి?"

"పెట్టెలో పట్టేంత ఉంటుంది అంకుల్."

అదిగో, అక్కడే ఆయనకి ఒళ్లు మండేది. పెట్టె కొలత! కంపెనీవాడి దగ్గర ఒకే సైజు పెట్టెలు గుట్టలుగా పడుంటాయి. ఏ కట్టడాన్నయినా వాటిలో పట్టేట్టు సాగదియ్యడమో కుదించడమో చేసి కుక్కేస్తాడు. దాంతో ఐఫిల్ టవరూ, దాన్లో అయిదోవంతు కూడా లేని పీసా టవరూ కొట్టు అరలో పక్కపక్కన కవలపిల్లల్లా నిలబడి ఉంటాయి. "ఛీ, వీళ్ల మొహాలు మండ! ఇది టవరా, గొడుగులు పెట్టుకునే స్టాండా?" అని పెట్టె అక్కడే పడేసి, చేతులు దులుపుకుని బయటికొచ్చేస్తాడు. కొట్టుపిల్ల వెనకనుంచి నవ్వుకుంటుంది. నవ్వుకోదూ మరి? గెడ్డం నెరిసిన మనిషి బొమ్మల కొట్టులో ఇంత రభస చేస్తే.

ఈ కొలతల పిచ్చి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. అత్తగారు అంటించింది.

అత్తగారు టికెట్ల ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. విమానాలకీ, ఓడలకీ టికెట్లిచ్చే కౌంటరు. భర్త చిన్నవయసులోనే పోతే కూతుర్ని ఒంటిచేత్తో పెంచింది. జనాన్ని ఎక్కడెక్కడికో పంపింది గానీ తను మాత్రం ఊరి పొలిమేర దాటలేదు. సెలవు దొరికితే బట్టలు ఉతుక్కుంది, అంతే. కౌంటరు వెనక గోడకి పోస్టర్లుండేవి. ఐఫిల్ టవరు, పిరమిడ్, పీసా టవరు, ఇంకా ఏవేవో, సరిగ్గా ఆవిడ కుర్చీ వెనక కొలోన్ ఊళ్లోని జంట శిఖరాల పెద్ద చర్చి. అన్నీ ఒకే సైజు కాగితం, అన్నీ ఒకే ఎత్తు. "అన్నేళ్లు నా నెత్తి వెనకాలే ఉన్నాయి. వాటిలో ఏది కొండో ఏది గోలీకాయో అడిగితే ఇప్పటికీ చెప్పలేను" అనేది. రిటైరయ్యాక తీరిగ్గా తెలుసుకుందామనుకుంటే నీటికాసుల జబ్బొచ్చి రెండు కళ్లూ పోయాయి. కూతురు తీసుకొచ్చి తన దగ్గరే పెట్టుకుంది.

అల్లుడికీ అత్తగారికీ మధ్య మొదట్లో మాటలు తక్కువ. "భోంచేశారా?" అని ఈయన, "ఆఁ" అని ఆవిడ. మళ్లీ మర్నాటిదాకా మౌనవ్రతం. ఆవిడ కప్పులో టీ ఒలికితే ఈయన ముక్కు చిట్లించేవాడు. ఆవిడకి కనపడదు గానీ ఆ ఊపిరి వినిపించేది. "అల్లుడుగారికి నా టీ వాసన పడ్డట్టు లేదు" అని కూతురితో అనేది, ఈయనకి వినపడేట్టుగానే.

ఒకసారి భార్య ఆఫీసులో ఎవరో ఐఫిల్ టవరు కిట్ బహుమతిగా ఇచ్చారు. అది బీరువా మీద పడుండి దుమ్ము పట్టింది. ఆ దుమ్ము చూడలేక, "ఛీ, ఈ పీడ వదిలించుకుంటాను" అని బాబాయ్ దాన్ని దింపి కట్టేశాడు. మూడు జానల ఎత్తు లేచింది. అత్తగారు కుర్చీలోంచి చేతులు చాపి అడుగునుంచి కొస దాకా తడిమింది. ఒక్కో కమ్మీ మీదా వేలు ఆపి, తడిమి తడిమి, చివరికి ఒక ప్రశ్న వేసింది.

"దీని పక్కన మనిషి నిలబడితే ఎంత ఉంటాడు అల్లుడుగారూ?"

బాబాయ్ లెక్క కట్టాడు. టవరు అయిదు వందలకి ఒకటి, అంటే మనిషి బియ్యపుగింజలో సగం. నోటితో చెబితే ఆవిడకి సరిగా అందలేదు. మర్నాడు ల్యాబులో, చిగుళ్లకి వాడే గులాబీ రంగు ప్లాస్టిక్‌తో సగం బియ్యపుగింజంత మనిషిని చేసి, పట్టుకోవడానికి వీలుగా సన్నటి తీగ చివర అతికించి తెచ్చాడు. కాళ్లూ, భుజాలూ, తలా అన్నీ ఉన్నాయి. అత్తగారు వాణ్ణి టవరు కాలి దగ్గర నిలబెట్టి, వేలికొసతో వాడి తల మీదినుంచి పైకి, పైకి, ఇంకా పైకి వెళ్లింది.

"అమ్మ బాబోయ్! ఇంత పెద్దదా? దీన్ని వీపు వెనక పెట్టుకుని నేను టికెట్లు అమ్మానా?" అని అరిచింది. కూతురు వంటింట్లోంచి ఏమైందో అని పరిగెత్తుకొచ్చింది.

ఆ గులాబీ మనిషికి ఆవిడే పేరు పెట్టింది, ప్యాసింజరు అని. ఖాళీ మాత్రల డబ్బాలో దూది పరిచి దాచుకుంది. ఏ కట్టడం తెచ్చినా వాడే వెళ్లి చూసి రావాలి. మనిషి మారడు, కట్టడాలే మారతాయి. అలాగైతేనే ఏది ఎంతో తెలుస్తుందని ఆవిడ పట్టు.

రెండోసారి బాబాయ్ దెబ్బతిన్నాడు. పీసా టవరు కిట్ కొలత చూసుకోకుండా తెచ్చి కట్టాడు. జానెడున్నర ఎత్తు. అత్తగారు ప్యాసింజరుని గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తడిమి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ తలుపు వీడికి మూడు నిలువులుంది. ఇది పీసా టవరా, రాక్షసుల విడిదా? కళ్లు లేవని నన్ను ఆటపట్టిస్తున్నారా అల్లుడుగారూ?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆ టవర్ని అప్పటికప్పుడు చెత్తబుట్టలో కుక్కి, అయిదు వందలకి ఒకటి దొరికేదాకా ఊరంతా తిరిగి తెచ్చాడు. అది సగం జాన ఉంది. ప్యాసింజరు హాయిగా తలుపులోంచి దూరాడు. ఆవిడ హాయిగా నవ్వింది. ఆ రోజునుంచి ఇంట్లో ఒకటే చట్టం: ఏది తెచ్చినా ప్యాసింజరు దూరాలి. ఆదివారాలు భోజనాల బల్ల మీద ఇద్దరూ కూర్చుని వాదించుకునేవాళ్లు. ఈయన కంపెనీవాడి గమ్ముని, పలకల్ని, కొలతల్ని తిడుతుంటే ఆవిడ, "ఇంకో నాలుగు తిట్లు తిట్టండి, తర్వాత చెయ్యి పెడతాను" అనేది. భార్యకి ఇదంతా చూసి ఒకవైపు సంతోషం, ఒకవైపు కుళ్లు. "నాతో ఇన్ని మాటలు ఎప్పుడైనా మాట్లాడారా?" అని దెప్పేది.

పిరమిడ్ వచ్చింది. ("ఛీ, నాలుగు పలకలు అతికిస్తే అయిపోయింది, దీనికో కిట్టా!") పోస్టర్లలో ఉన్న మిగిలిన కట్టడాలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. రానిది ఒక్క కొలోన్ చర్చే. ఆవిడకి అన్నింటికంటే కావాల్సిందీ అదే. "కౌంటరు దగ్గర నిలబడిన ప్రతివాడూ నా నెత్తి మీదుగా దాన్నే చూసేవాడు. నేను మాట్లాడుతుంటే కూడా నా మొహం చూసేవాడు కాదు. వాళ్లందరూ అంతలా ఏం చూశారో నాకు తెలియాలి" అనేది. కానీ ఆ కొలతలో ఆ కిట్ చెయ్యడం కంపెనీవాడు ఎప్పుడో మానేశాడు.

సరే, నిదానంగా వెతుకుదాంలే అనుకుంటున్న రోజుల్లో భార్య ఒకనాడు ఆయన్ని బాల్కనీలోకి పిలిచి తలుపు మూసింది.

"ఏవండీ, అమ్మ వేళ్లు మొద్దుబారుతున్నాయి. షుగరు వల్లట. నిన్న వేడి గిన్నె పట్టుకుని వదల్లేదు, చురుక్కుమనలేదట. వేళ్లలో నరాలు చచ్చుబడుతున్నాయి, ఇక వెనక్కి రావని డాక్టరు చెప్పేశారు."

"మరి నాతో అనలేదే?"

"అంటుందా? చలికి తిమ్మిరెక్కిందని నాతోనే బుకాయిస్తోంది. మీకు చెప్పొద్దంది. మీరు ఆ చర్చి త్వరగా చూడండి."

చూడండి అంటే ఎక్కడ చూస్తాడు? సొంతంగా చెక్కి చేద్దామా అంటే ఆ చర్చికి ఉన్నన్ని చిన్న శిఖరాలు ప్రపంచంలో దేనికీ లేనట్టున్నాయి, ఏడాది పట్టినా తెమలదు. వేళ్లు ఏడాది ఆగవు. ఫోనులో పాత కిట్లమ్మేవాళ్లందరికీ కబురు పెట్టాడు. ఒకడు ఫోటో ఒకటి చూపించి ఇంకోటి పంపాడు. విప్పి చూస్తే ఎవరో సగం అతికించి విసుగొచ్చి వదిలేసింది. గోడలు వంకర, ముక్కలు తక్కువ, ఎండిపోయిన గమ్ములో ఒక పొడుగాటి వెంట్రుక. ఊళ్లోవాళ్ల ఎంగిళ్లు కడిగే మనిషికి ఆ వెంట్రుక దగ్గర వాంతి వచ్చినంత పనైంది. పెట్టె అంతా కాగితాల్లో చుట్టి, వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు.

ఇంకొకడు మాత్రం మంచి ఆచూకీ చెప్పాడు. నమూనాల సంఘం అని ఒకటుందట, దాని ప్రెసిడెంటు దగ్గర ఆ కిట్ ఉందట.

ప్రెసిడెంటుగారి ఇల్లు పెద్ద అపార్టుమెంటు. హాల్లో నేలనుంచి పైకప్పు దాకా అరలు, అరల నిండా పెట్టెలు. కట్టిన కట్టడం మచ్చుకి ఒక్కటి లేదు. అన్నీ సీలు తియ్యని పెట్టెలే, ఒక్కో దానికీ పైన మరో ప్లాస్టిక్ తొడుగు. మందుల గోడౌనులోకి వచ్చినట్టుంది. ప్రెసిడెంటుగారు చేతులకి తెల్ల గుడ్డ తొడుగులు వేసుకుని కొలోన్ చర్చి పెట్టెని పసిబిడ్డని దింపినట్టు దింపాడు.

"ముట్టుకోకండి. కాస్త దూరంగా నిలబడండి, ఊపిరి తేమ తగులుతుంది" అన్నాడు.

బాబాయ్ దూరంగానే నిలబడి, వెనక రాసింది చదివాడు. అయిదు వందలకి ఒకటి. అత్తగారి సంగతి, కళ్ల సంగతి, వేళ్ల సంగతి అన్నీ చెప్పాడు. జీవితంలో ఎవరినీ ఏదీ బతిమాలి ఎరగడు. ఆ రోజు బతిమాలాడు.

"నాకు ఉంచుకోవాలని లేదండీ. కట్టి ఆవిడకి చూపించి, అలాగే తెచ్చి మీకే ఇచ్చేస్తాను. మీ అలమరలోనే ఉంటుంది, ఇంకా అందంగా ఉంటుంది."

"కట్టడమా?" ప్రెసిడెంటుగారు ఉలిక్కిపడ్డాడు. "సీలు తీస్తే ఇంకేముందండీ? ఈ మొత్తంలో నేను ఒక్కటి కూడా తియ్యలేదు తెలుసా?"

"మరి కట్టకుండా ఏం చేసుకుంటారు?"

"ఉంటాయండీ. అలా ఉంటాయి. సంఘంలో అందరం ఇంతే."

బాబాయ్ ఆ అరల వంక చూశాడు. ప్రపంచంలో ఉన్న గుళ్లూ, కోటలూ, వంతెనలూ అన్నీ అక్కడ ముక్కలుగా, చీకట్లో, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఛీ అనబోయి, పని చెడుతుందని పెదవి కొరుక్కున్నాడు. ఇంకోసారి అడిగాడు. ప్రెసిడెంటుగారు జాలిగా నవ్వి, ఆయన భుజం తట్టాడు.

"ఎందుకింత ఇదైపోతారు? బజార్లో చిన్నది దొరుకుతుంది కదా. అదే కట్టి ఇవ్వండి. ఇదే అసలు కొలతని చెప్పండి. కళ్లు లేని మనిషి, ఆవిడకేం తెలుస్తుంది?"

ఆ తొడుగు చెయ్యి తగిలిన భుజాన్ని బాబాయ్ మెట్లు దిగేదాకా దులుపుకుంటూనే ఉన్నాడు. "ఛీ! మనిషి జన్మేనా? ఆవిడకేం తెలుస్తుందట! నీకేం తెలుసురా పెట్టెల కాపలాదారూ! ఆవిడ వేలికొసకి ఉన్న బుద్ధి నీ బుర్రలో ఉందా?" అని వీధిలో పైకే అనేశాడు. ఎదురొచ్చినావిడ బెదిరి పక్కకి తప్పుకుంది.

అంత తిట్టిన మనిషి, అదే దారిలో బొమ్మల కొట్టు ముందు ఆగాడు. ఎందుకాగాడో అడిగితే చెప్పలేడు. అద్దంలోంచి కొలోన్ చర్చి కనిపిస్తోంది. పెట్టె కొలతది. ఆ పొద్దున అత్తగారు జాకెట్టు బొత్తాలు పెట్టుకోలేక, కూతురు చూడకుండా పైన శాలువా కప్పుకోవడం ఆయన కంటపడింది. లోపలికెళ్లాడు. వెనక అక్షరాలు చదవలేదు.

"అదేంటంకుల్, ఇవాళ ఏమీ అడగలేదు?" అంది కొట్టుపిల్ల.

"నోర్మూసుకుని ఇవ్వమ్మా" అన్నాడు.

కట్టడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. చండాలపు కిట్. ముక్కల అంచులు పీచుపీచుగా లేచిపోతున్నాయి, శిఖరాలు ఎండు కొమ్మల్లా ఉన్నాయి. నిజానికి జానెడున్నర ఉండాల్సిన చర్చి జానెడు కూడా సరిగ్గా లేదు. ఎత్తు సంగతి ఆవిడకి ఎటూ తెలీదు, పోస్టర్లో కొలతలు రాసి ఉండవు కదా. తెలిసేదల్లా ప్యాసింజరు వల్లే. చర్చి పక్కగోడకి మనుషులు వచ్చిపోయే చిన్న తలుపొకటుంది. బాబాయ్ ప్యాసింజరుని తెచ్చి దాని ముందు పెట్టి చూశాడు. వాడి తల గుమ్మం పైకమ్మీ దాటి గోడకి ఆనింది. దూరడు. ఎలా తిప్పినా దూరడు. వాణ్ణి గీకి పొట్టి చేద్దామని ఆకురాయి కూడా చేతిలోకి తీసుకున్నాడు. అంతలోనే తన చేతిని చూసి తనకే అసహ్యం వేసి, ఆకురాయి బల్ల మీదికి విసిరికొట్టాడు.

"ఏవండీ, ఇది చిన్నది కదూ?" అంది భార్య గుమ్మంలోంచి.

"నీకు తెలీదులే."

"నాకు తెలీకపోతే పోయింది. అమ్మ పట్టేస్తుంది."

"పట్టెయ్యనీ. పట్టేస్తే నాలుగు తిడుతుంది. పడతాను."

ఆదివారం మధ్యాహ్నం చర్చిని భోజనాల బల్ల మీద పెట్టాడు. అత్తగారు తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చి కూర్చుంది. రెండు చేతులూ చాపి శిఖరాలు పట్టుకుంది, జాన పెట్టి కొలిచింది.

"ఇంతేనా? అందరూ నోళ్లు వెళ్లబెట్టుకుని చూస్తుంటే ఆకాశమంత ఉంటుందనుకున్నాను."

బాబాయ్ బల్ల మీద రాలిన చెక్కపీచు ఏరసాగాడు.

"సరే, వీడేమంటాడో చూద్దాం" అని డబ్బా మూత తీసింది. మూత రెండుసార్లు జారింది. ప్యాసింజరు తీగ పట్టుకుని గోడ వెంబడి జరుపుకుంటూ వెళ్లింది. భార్య వంటింటి గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ తలుపు దగ్గర ఆగింది. ప్యాసింజరు తల గోడకి కొట్టుకుంటూనే ఉంది. వేలికొస వాడి మీద పెట్టింది, తలుపు మీద పెట్టింది, మళ్లీ వాడి మీద పెట్టింది. బాబాయ్ తిట్లకి సిద్ధపడి మెడ వంచాడు.

"ఆఁ, సరిపోయాడు. దర్జాగా దూరతాడు" అంది అత్తగారు.

భార్య చటుక్కున వంటింట్లోకి తిరిగిపోయింది. లోపల కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది.

బాబాయ్ ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆ వేళ్లు మూడింతల తలుపుని ఒక్క క్షణంలో పట్టేసిన వేళ్లు. ఇప్పుడు గోడకీ ఖాళీకీ తేడా చెప్పడం లేదు. ఆవిడకేం తెలుస్తుంది అన్న మాట చెవిలో వినపడింది. అది ఆ తొడుగుల మనిషి గొంతులా లేదు, అచ్చం తన గొంతులాగే ఉంది. ఛీ అనే మాట గొంతు దాకా వచ్చింది. అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే వేళ్ల సంగతి చెప్పినట్టే. మింగేశాడు.

"బాగుందండీ. చాలా బాగా వచ్చింది" అన్నాడు.

అత్తగారి చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నారు?"

"బాగా వచ్చిందన్నాను."

"గమ్ము?"

"మంచిదే."

"పలకలు?"

"నున్నగా ఉన్నాయి."

"కంపెనీవాడు?"

"పాపం, బాగానే చేశాడు."

అత్తగారు ప్యాసింజరుని బల్ల మీద పడుకోబెట్టింది. మొహం ఆయన గొంతు వచ్చిన వైపు తిప్పింది.

"ఈ ఇంటికొచ్చాక మీ నోట ఒక్క వస్తువు బాగుందని వినలేదు. పెళ్లినాడు నా కూతుర్ని కూడా బాగుందనలేదు మీరు. కంపెనీవాడు పాపమా? ఏం దాస్తున్నారు అల్లుడుగారూ?"

ఆయన కుర్చీలోంచి లేవబోయాడు. ఆవిడ ఊరుకుంటే కదా. కదలకుండా అలాగే కూర్చుంది.

"అది పెట్టె కొలతండీ" అన్నాడు చివరికి. "అసలుది దొరకలేదు. ప్యాసింజరు ఆ తలుపులో దూరడు. వాడి తల గోడకి కొట్టుకుంటోంది. ఇందాకా కొట్టుకుంది."

అత్తగారు మళ్లీ చెయ్యి చాపింది. తలుపు వెతికి పట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. వేళ్లు ఒళ్లో రుద్దుకుని మళ్లీ పెట్టింది. నోట్లో తడిచేసుకుని మళ్లీ పెట్టింది. ఆ తర్వాత చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకు తగల్లేదు" అంది. "ఈ వేళ్లకి వాడు తగలడం మానేసి చాలా రోజులైంది. డబ్బా ఊపితే చప్పుడవుతోందని, ఉన్నాడులే అనుకుంటున్నాను."

"మరి దూరతాడని చెప్పారు?"

"మీరు కట్టారు కదా. మీరు కట్టింది దూరకుండా ఎలా ఉంటుంది? ఆ ధైర్యంతో చెప్పాను."

ల్యాబులో ఎన్ని నోళ్లు కడిగాడో, ఎన్ని ఎంగిళ్లు చూశాడో, ఏదీ ఆయనకి ఇంత కంపు కొట్టలేదు. "ఛీ! నా బతుకు! ఛీ!" అని నుదురు కొట్టుకున్నాడు. వంటింట్లో కుళాయి ఇంకా పోతూనే ఉంది.

అత్తగారు కొంగు అందుకుంది. కళ్లు తుడుచుకుంది, ముక్కు చీదుకుంది. అప్పుడు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"మిమ్మల్ని మీరు తర్వాత తీరిగ్గా తిట్టుకోండి. ముందు దాన్ని తిట్టండి" అంది.

"దేన్ని?"

"ఆ చర్చిని. ఎక్కడెక్కడ తప్పో చెప్పి మరీ తిట్టండి. అసలుది ఎలా ఉండాలో అదీ చెప్పండి. ఒక్క ముక్క కూడా బాగుందన్నారో, నేను లేచి వెళ్లిపోతాను."

బాబాయ్ కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. చర్చిని తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత ముక్కు చిట్లింది.

"ఛీ, ఈ శిఖరాల మొహం చూడు! చీపురుపుల్లలు గుచ్చాడు వెధవ. అసలైతే దీని మీద ఇంకో సగం జాన లేవాలి. అంటే పీసా టవరు మొత్తం తెచ్చి దీని నెత్తిన నిలబెట్టాలండీ..."

"పీసా టవరు మొత్తమే!"

"మొత్తం! ఈ పెద్ద ద్వారం చూడండి, ఎలకబొరియలా ఉంది. అసలైన ద్వారం దగ్గర మీ ప్యాసింజరు నిలబడితే గుమ్మం పైకొస చూడ్డానికి తల వెనక్కి వాల్చాలి. టోపీ ఉంటే కింద పడుతుంది. ఇక ఈ కిటికీలు, ఛీ, ఛీ..."

కిటికీలు తిట్టాడు, గోడలు తిట్టాడు, గోడల మీది రాతి మనుషుల్ని ఒక్కొక్కణ్ణీ తిట్టాడు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా ఆవిడ "ఊఁ, తర్వాత?" అంటోంది. భార్య వచ్చి దీపం వేసి, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. చీకటి పడేదాకా అలా తిడుతూనే ఉన్నాడు. అత్తగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింది. ఒక్కసారి కూడా చెయ్యి చాపలేదు.